మగ్గం గుంతలో ఎర్రలు

మగ్గం గది గడప మీద కోడలికి అడ్డంగా చెయ్యి చాపి నిలబడిన హనుమక్కను పోయిన వారం అక్కడే వదిలిపెట్టాం. ఆ చెయ్యి ఆమె ఇంకా దించలేదు. ఎదురుగా కోడలు గౌరి, నీళ్ళలో కలిపిన రాగి తవుడు ముంత పట్టుకుని తల వంచుకుని ఉంది. గదిలో గుంత మగ్గం. నేతగాడు కాళ్ళు దించుకుని కూర్చునే ఆ గుంత మీద తడి గోనెపట్ట కప్పి ఉంది. గుంత చుట్టూ బూడిదతో గీత గీసి ఉంది.

ఈ వారమే కథలోకి వచ్చిన వారి కోసం రెండు మాటలు చెప్పాలి. యుద్ధం వచ్చిన తరువాత ధర్మవరంలో పట్టు దొరకడం మానేసింది. మైసూరు వైపు నుంచి రావలసిన పట్టంతా విమానాల్లోంచి సిపాయిలు దిగే గొడుగులకు పోతోందని చెప్పుకుంటున్నారు. నేతగాళ్ళ వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కో ఇంట్లో ఆగిపోతూ వచ్చి, చివరికి హనుమక్క ఇంట్లోనూ ఆగింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు గంగాధర, హిందూపురంలో పట్టు దొరుకుతుందేమో చూసి వస్తానని రోజూ తెల్లవారకముందే బయలుదేరి పోతాడు. పొద్దువాలే వేళకు పట్టు లేకుండానే తిరిగి వస్తాడు. అంతవరకు హనుమక్క ఓర్చుకుంది. కానీ పక్కింటి సుంకమ్మ పెనుకొండలో చుట్టాలింటికి పోయి వచ్చి ఒక మాట చెప్పింది. తాలూకాఫీసు ముందర పటాలానికి మనుషులను ఎంచుతుంటే ఆ గుంపులో మీ గంగాధరను చూసినానక్కా అంది.

ఆ మాట విన్నాక హనుమక్క రాగిముద్ద సగంలోనే వదిలేస్తూ వచ్చింది. అదే సమయంలో కోడలి తీరు కూడా మారింది. అత్త నిద్రపోతోందనుకుని మగ్గం గదిలోకి పోయి గుంతలో నీళ్ళు చల్లుతుంది. ఏదో పిండి వేస్తుంది. చుట్టూ బూడిద గీస్తుంది. హనుమక్క పుట్టింట్లో ఒక ఆచారం ఉండేది. మగవాడు ప్రాణానికి భరోసా లేని చోటికి పోతే, ఆ ఇంటి ఆడది మగ్గం గుంతకు మొక్కుకుని, అతడు తిరిగి వచ్చేదాకా గుంతలో ఇంత పిండి, ఇన్ని నీళ్ళు పెట్టేది. అంటే కొడుకు పటాలంలో చేరాడు. కోడలికి తెలుసు. తనకొక్కదానికే చెప్పలేదు.

"చెయ్యి తియ్యత్తా. చిటికెలో వచ్చేస్తా," అంది గౌరి.

"ఎవరికి పెడతాండావు ఆ తవుడు?"

"ఎవరికీ లేదు."

"ఎవరికీ లేని తవుడు కలిపి మరీ తెచ్చినావా? పడుగు లేని మగ్గానికి నీళ్ళెందుకే? నేను ముసలిదాన్ని గానీ గుడ్డిదాన్ని గాదు."

గౌరి ముంత ఇంకో చేతికి మార్చుకుంది. ఆమెది అమరాపురం. అక్కడి మనుషులు మాటకు మాట అనరని పెళ్ళి మాటల నాడు అందరూ మెచ్చుకున్నారు. ఈ పూట ఆ మంచితనమే హనుమక్కకు కోపం తెప్పిస్తోంది.

"రైలు ఎప్పుడెక్కుతాడు?" అంది.

"ఎవరత్తా?"

"నీ మొగుడు. ఏ ఊరికి పంపిస్తాండారు? సముద్రం దాటిస్తారంట గదా. సుంకమ్మ చూసింది. ఊరంతా తెలిసినాక కన్నతల్లికి చెప్తారా మీరు?"

గౌరి తలెత్తింది. ఆ ముఖంలో ఉన్నది భయం కాదు, దొరికిపోయిన సిగ్గూ కాదు. అసలు ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని మనిషి ముఖం అది. హనుమక్క సరిగ్గా చూసి ఉంటే అక్కడే సగం బరువు దిగిపోయేది. కానీ ఆమె చూపు గోనెపట్ట మీద ఉంది. కోడలిని తోసుకుని లోపలికి నడిచింది. బూడిద గీత దాటేటప్పుడు మాత్రం పాదం ఒక్క క్షణం గాలిలో ఆగింది. మొక్కుబడి గీతను తొక్కితే ఏమవుతుందోనని కాబోలు, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, దాన్ని తాకకుండా వంగి గోనెపట్ట లాగింది.

కుంకుమ బొట్లు పెట్టిన కలశం ఉంటుందనుకుంది. నిమ్మకాయలు ఉంటాయనుకుంది. ఎర్రగుడ్డలో కట్టిన కొడుకు తాయెత్తు ఉంటుందేమోనని గుండె చిక్కబట్టుకుంది.

గుంతలో సగం దాకా నల్లటి మట్టి ఉంది. పాత పేడ, కుళ్ళిన అరటి దొప్పలు, చివికిన ఆకులు. వెలుతురు పడగానే ఆ మట్టి కదిలింది. ఒకచోట కాదు, అంతటా. సన్నగా, ఎర్రగా, తడిగా మెరుస్తూ, తలా తోకా తెలియకుండా మెలికలు తిరుగుతూ లోపలికి జారిపోయాయి.

హనుమక్క ఉన్నచోటనే కూలబడింది.

"ఏందే ఇవి?"

"ఎర్రలత్తా."

"ఎర్రలా?"

"ఊఁ. వానపాములు."

"అవి ఎర్రలని నాకూ తెలుసులే. మా మగ్గం గుంతలోకి ఎట్లొచ్చినాయి?"

"నేనే తెచ్చి ఏసినా."

"యాల?"

గౌరి ముంత కింద పెట్టి, అత్తకు ఇటువైపు గుంత అంచున కూర్చుంది. ఇక దాచేదేమీ లేదన్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"గాలానికి. నీ కొడుకు చెరువు కాడ గాలం ఏస్తాండాడు. హిందూపురం లేదు, ఏమీ లేదు. మొదట్లో నిజంగానే పోయినాడు. ఆ షావుకారు ఈ షావుకారు అని తిరిగినాడు. పట్టు మాటెత్తితే అందరూ నవ్వినారంట. ఇంటికి రాను ముఖం చెల్లక చెరువు కట్ట మీద కూర్చున్యాడు. ఆడ రైలు దొరలు గాలాలేసుకోని కూర్చోనుంటారు గదా. వాళ్ళకు ఎర్రలు దొరక్క అల్లాడతాండారంట. అవి అమ్మితే నాలుగు డబ్బులొస్తాయని అప్పుడు నాకొచ్చి చెప్పినాడు. మా నాయన వానాకాలమంతా చెరువు కాడనే ఉంటాండె. ఎర్రలు తవ్వేది, పెంచేది నాకు చిన్నప్పటినుంచి తెలుసు."

హనుమక్క ముందు అడిగిన మాట ఎర్రల గురించి కాదు.

"అయితే పటాలం?"

"ఏ పటాలమత్తా?"

"పెనుకొండలో సుంకమ్మ చూసిందే."

గౌరి నుదురు ముడిచి ఆలోచించింది. అంతలో ఆమె కళ్ళు విచ్చుకున్నాయి. "ఓ, అదా. సెలవునాడు రైలు దొరల్లో ఒకాయన పెనుకొండ చెరువుకు పోదాం రమ్మంటే ఎర్రల కుండ ఎత్తుకోని పోయినాడు. ఎండకు నాలుక పిడచ గట్టిందంట. తాలూకాఫీసు ముందర చలివేంద్రం ఉండాది గదా, నీళ్ళ కోసం ఆ వరసలో నిలబడినాడు. పక్కనే పటాలం వరస. ఒక సిపాయి వచ్చి ఈయప్ప ఛాతీ కొలవబోయినాడంట. నేను నీళ్ళకొచ్చినానప్పా అని చెప్పి తప్పించుకోని వచ్చినాడు. నాకు చెప్పి ఒకటే నవ్వు."

మనసు మీది బరువు దిగేటప్పుడు అది ఒక్కసారిగా దిగదు. ముందు, ఇన్నాళ్ళుగా హనుమక్క భుజాల మధ్య బిగుసుకుని ఉన్న నొప్పి ఏదో సడలింది. ఆ తరువాత ఆకలి వేసింది. పొద్దున ముద్ద ముట్టకుండా చెయ్యి కడుక్కున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరి పడుతున్నాయి. అత్త ఏడుస్తోందనుకుని గౌరి దగ్గరికి జరిగింది.

గోడ అవతలి నుంచి సుంకమ్మ కూడా అదే అనుకుంది. "ఏమక్కా, ఏడుస్తాండావా? పోయినాడా ఏమి వాడు?" అని గొంతు సాచింది.

"నవ్వుతాండా సుంకమ్మా," అని హనుమక్క కొంగు తీసి జవాబిచ్చింది. "నీళ్ళకు నిలబడినోన్ని సిపాయిని జేసినావు. రేపు బావి కాడ నిలబడినోళ్ళందరినీ జర్మనీకి పంపిస్తావేమో చూసుకో."

గోడ అవతల చేట చప్పుడు మొదలైంది, కొంచెం గట్టిగానే.

భయం పోయిన చోట కోపానికి జాగా దొరికింది. హనుమక్క కళ్ళు తుడుచుకుని మళ్ళీ గుంతలోకి చూసింది. ఆ గుంత ఆమె మామగారు తవ్వినది. ఆయన కూర్చున్నాడు, ఆయన కొడుకు కూర్చున్నాడు, ఇప్పుడు మనవడు. నేతగాళ్ళ ఇలవేలుపు చౌడమ్మ తల్లి అందులో కూర్చుని ఉంటుందని నమ్మి, పండగనాడు మొదటి బొట్టు దానికే పెట్టేవారు. మగ్గం మీద పడుగు ఉన్నన్నాళ్ళు ఈ ఇంట్లో చేపా మాంసం, నీసన్నది వండరు. నీసు తాకిన చేత్తో పట్టును ముట్టకూడదు. ఇక గుంతను మట్టితో నింపడమంటే, ఈ వీధిలో దానికి ఒకటే అర్థం. ఆ ఇంట్లో నేత ఆగిపోయింది, ఇక ఎవరూ కూర్చోరు అని.

"ఊరంతా దిబ్బలుండాయి, కాలవలుండాయి. నీకు తల్లి కూర్చునే చోటే దొరికిందా?"

"పెరట్లో కుండలో పెడితే చచ్చిపోయినాయత్తా. కాలవ గట్టు ఎండకు రాయి మాదిరి అయిపోయింది, తవ్వినా దొరకల్యా. పేడదిబ్బలో కోళ్ళు మేసేసినాయి. ఇంట్లో చల్లగుండే చోటు ఇదొకటే. దారం తెగకుండా ఉండాలని ఎన్నేండ్ల నుంచో నీళ్ళు చల్లి చల్లి, ఈ గుంతలో తేమ ఎండాకాలంలో కూడా పోదు. చెయ్యి పెట్టి చూడు."

హనుమక్క పెట్టలేదు. కానీ అది నిజమేనని ఆమెకు తెలుసు. ఎండాకాలం మధ్యాహ్నాలు మొగుడు ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని, రాజుకు కూడా ఈ సుఖం ల్యా అనేవాడు.

"బూడిద ఎందుకు గీసినావు?"

"చీమలకు. దాటి రావు. ఎర్రలు కూడా బయటికొస్తే ఆడ ఆగిపోతాయి. మొన్న ఉరిమినప్పుడు అన్నీ గోడలెక్కినాయత్తా. నువ్వు లేచేలోపల ఏరుకోలేక నా పని అయిపోయింది. ఒకటి నీ పడక దాకా వచ్చింది."

"నా పడక దాకా?"

"తీసేసినాలే."

హనుమక్క కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"జీవాలను సాకి, తినబెట్టి, చావుకు పంపించేదా? పట్టు నేసే ఇంట్లో చేసే పనేనా ఇది?"

గౌరి గొంతు పెంచలేదు. "పట్టు యాడి నుంచి వస్తాదత్తా? వాళ్ళు కూడా పురుగును సాకి, ఆకు తినబెట్టి, ఉడుకు నీళ్ళలో ఏస్తారు గదా."

"అది మనం ఏసేది గాదు. ఏసేటోళ్ళు వేరే."

"గాలానికి గుచ్చేది కూడా నేను గాదత్తా. గుచ్చేటోళ్ళు వేరే."

అమరాపురం మనుషులు మాటకు మాట అనరని చెప్పినవాడెవడో హనుమక్కకు జ్ఞాపకం చేసుకోవాలనిపించింది. నవ్వు రాబోతే ఆపుకుంది. ఇంకా తిట్టవలసింది మిగిలి ఉందని ఆమెకు అనిపించింది గానీ, మాటల్లో పదును కుదరడం లేదు. కొడుకు చెరువు కట్ట మీద గాలం బెండు వంక చూస్తూ కూర్చుని ఉన్నాడు. కొంచెం దూరం నడిస్తే కనబడతాడు. కేకేస్తే పలుకుతాడు. అలాంటి రోజున కోడలిని నిజంగా తిట్టడం కష్టం.

"గుంతలోని తొక్కుడు పలకలు ఏం జేసినావు? పొయ్యిలో పెట్టినావా?"

గౌరి పైకి చూపించింది. దూలానికి పొడుగాటి మూటలు రెండు వేలాడుతున్నాయి. హనుమక్క లేచి ఒకదాని ముడి సడలించి చూసింది. తన పాత చీర, మెత్తబడిపోయిందని పక్కన పడేసినది, దాన్ని చుట్టి లోపల పలకలు పెట్టింది కోడలు. పలకలకు ఆముదం రాసింది. దారాలను దువ్వెనలా విడదీసే అచ్చు కూడా అందులోనే ఉంది, దాని పళ్ళ మధ్య పురుగు చేరకుండా వేపాకు దోపింది. రెండో మూటలో పేక దారం నడిపే నాడెలు ఉన్నాయి, ఒక్కోదానికి విడిగా గుడ్డ. పురిటి పిల్లకు చుట్టినంత పదిలంగా చుట్టింది. రేపు పట్టు వస్తే మట్టి తీసి, గుంత కడిగి, సాయంత్రానికి మగ్గం నిలబెట్టవచ్చు. మళ్ళీ నేస్తారని నమ్మకం లేనివాళ్ళు ఇంత పదిలంగా మూట కట్టరు.

ఆమె ముడి తిరిగి వేసింది. కోడలు వేసినట్టే వేసింది.

"వాడు నాకెందుకు చెప్పల్యా?"

"గుంత నింపింది చూస్తే, ఇంక నేత లేదని నీకు దిగులు పట్టుకుంటాదని. పట్టు మగ్గం మీద కూర్చునే చేతులకు ఎర్రల జిగట అంటితే అమ్మ మళ్ళీ మగ్గం తాకనిస్తాదా అని ఒకటే అనుకుంటాండాడు. చెరువులోనే బూడిద రుద్దుకోని, చింతపండుతో తోముకోని వస్తాడు. అయినా వాసన పోదు. నేను వాసన రావడం లేదని చెప్తాను."

హనుమక్క గూట్లోని దీపం వైపు చూసింది. మగ్గం స్తంభం పక్కన గోడలో చిన్న గూడు, అందులో ఇత్తడి ప్రమిద. మగ్గం ఆగిపోయినా దీపం పెట్టడం మాత్రం ఆమె మానలేదు. ఇప్పుడు ప్రమిదను రెండు చేతులతో తీసుకుంది. వంటింట్లోకి నడిచి, పప్పు కుండలు ఉండే పలక మీద జాగా చేసి, అక్కడ పెట్టి దండం పెట్టింది. ఆమె ఏమని అడిగిందో పెదవులు చెప్పలేదు. తిరిగి వచ్చి గుంత దగ్గర నిలబడింది.

"తల్లిని వంటింట్లో కూర్చోబెట్టినా. పట్టు వచ్చేదాకా ఆడనే ఉంటాది. ఇది ఉత్త గుంత ఇప్పుడు. ఏమన్నా పెంచుకో." ఒక్క క్షణం ఆగి అంది, "తవుడు ఇంత చిక్కగా కలిపితే పులిసిపోదా?"

"పులుస్తాదత్తా. పులిస్తే ఎర్రలు పైకొచ్చేస్తాయి. పలచగా చెయ్యల్ల. రాగులు తక్కువుండాయని తవుడే అంతా ఏసినా."

"కడుగు నీళ్ళు కలుపు. ముద్ద కుండ కడిగిన నీళ్ళు పారబోస్తాండావు గదా."

గౌరి చేతులు మట్టిలో పెట్టి మెల్లగా తిరగేసింది. సన్నటి ఎర్రవి గాలానికి గుచ్చినా చాలాసేపు కదులుతాయని, చేప వాటికే వస్తుందని చెప్పింది. చేలో దొరికే లావువి నీళ్ళలో పడగానే చప్పబడిపోతాయట. మట్టిలో ఆవగింజంత పసుపుపచ్చటి గుడ్లు చూపించింది. హనుమక్క ముక్కు మీద కొంగు పెట్టుకుని, దగ్గరికి వంగి చూసింది.

"ఇవన్నీ పిల్లలైతాయా?"

"అన్నీ."

"అవునా," అంది హనుమక్క, పక్కింట్లో పెరిగిన సంసారం గురించి విన్నట్టు.

ఆ పూట ఆమె రాగిముద్ద తిన్నది. చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి మళ్ళీ వేయించుకుంది. ఊరిబిండిలో ఉప్పు తక్కువైంది. అయినా కంచం ఖాళీ చేసింది.

ఎండ చల్లబడే వేళకు గంగాధర వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, వసారాలో తువ్వాలతో మెడ తుడుచుకుంటూ, రోజూ చెప్పే మాట చెప్పాడు.

"ఈ పొద్దు కూడా పట్టు దొరకల్యా మా."

హనుమక్క గోడకు ఆనుకుని ఒత్తులు చేసుకుంటోంది. తల ఎత్తలేదు. "హిందూపురంలో ఎవర్ని చూసినావు?"

"దాసప్ప షావుకారును."

"బాగుండాడా ఆయప్ప?"

"బాగుండాడు. వచ్చే వారం రమ్మన్యాడు."

"ఎట్లా? బెండు మునిగిందా, ఊరికే ఎర్ర కొరికి పోయినాడా ఆ షావుకారు?"

గంగాధర చేతిలో తువ్వాల ఆగిపోయింది. వంటింటి గడప దగ్గర గౌరి అటు తిరిగి నిలబడింది, భుజాలు మాత్రం కదులుతున్నాయి. అతడు తల్లి వైపు, పెళ్ళాం వైపు, మగ్గం గది వైపు చూశాడు. తరువాత తల్లి దగ్గరికి వచ్చి, దూరంగా, చేతులు వెనక పెట్టుకుని కూర్చున్నాడు.

"దగ్గరికి రా."

"వాసనొస్తాది."

"ఇన్ని దినాలు రాని వాసన ఈ పొద్దే వస్తాదా? రా అంటాంటే." ఆమె అతడి చెయ్యి లాగి ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళ సందుల్లో గాలం గుచ్చుకున్న గాట్లు ఉన్నాయి. దారం కోసిన పాత గీతలు వాటి కింద అలాగే ఉన్నాయి. "నన్ను చంపేసినావు గదరా. పటాలంలో చేరినావనుకోని నేను రోజూ రైలు కూత విని లేస్తాండా."

"నేనా, పటాలమా? తుపాకి ఎట్ల పట్టుకుంటారో కూడా నాకు తెలీదు మా."

"అది తెలుసుకోవద్దులే."

అప్పుడతడు మొత్తం చెప్పాడు, లేక మొత్తం చెప్పినట్టు ఆమెకు అనిపించింది. గాలానికి పడే జెల్ల చేపలు కొన్ని కొత్తపేటలో ఇచ్చి రాగులు తెస్తున్నాడు. రైలు దొరల్లో డిక్రూజు దొర అనే ముసలి ఇంజను డ్రైవరు మంచివాడు. నోట్లో చుట్ట, చేతిలో వెదురు గాలం, నోట్లోంచి చుట్ట తీయకుండానే మాట్లాడతాడు. ఈ కరువులో ఎర్రలు ఇంత చురుగ్గా ఎట్లా ఉన్నాయని అడిగి, ఇంట్లో మగ్గం గుంతలో పెంచుతున్నారని విని చాలాసేపు నవ్వాడు. తరువాత నవ్వడం ఆపి, నీ చేతులకు ఓపిక ఉంది, ఇంజను షెడ్డులో పని ఇప్పిస్తాను వస్తావా అని అడిగాడు.

"షెడ్డులోనా?" హనుమక్క చేతిలో ఒత్తి నలిగింది. ధర్మవరం స్టేషను అవతల షెడ్డు ఆమెకు తెలుసు. పొగ, బొగ్గు, ఎప్పుడూ ఏదో ఒక ఇంజను బుసకొడుతూ ఉంటుంది. వీధి చివర నుంచి కనబడుతుంది. "మధ్యాన్నం సద్ది నేనే తెచ్చిస్తా. పట్టు వచ్చేదాకా చెయ్యి. నల్లగా అయితే అయితివి. కడుక్కుంటే పోతాది."

గంగాధర ఏదో చెప్పబోయాడు. ఆమె వినే స్థితిలో లేదు. సద్ది ఏ గిన్నెలో తీసుకుపోవాలో అప్పుడే చూసుకుంటోంది.

"ఆ దొరను ఒకసారి నేను చూడల్ల," అంది. "మనిషిని చూడకుండా బిడ్డను అప్పజెప్పను. పిలుచుకోని రా."

"పిలిచేది లేదు మా," అన్నాడు గంగాధర, కొంచెం ఇబ్బందిగా. "నాతోనే వచ్చినాడు. నిన్ను అడగాలని. నేతగాళ్ళ వీధిలోకి చెప్పులతో రాకూడదని ఎవరో చెప్పినారంట. వీధి మొదట్లోనే నిలబడుకోని ఉండాడు."

హనుమక్క వాకిట్లోకి వచ్చి చూసింది. వీధి మొదట, నెరిసిన మీసాల మనిషి, ఖాకీ నిక్కరులో, నల్లటి బూట్లు చేత్తో పట్టుకుని, వట్టి కాళ్ళతో వాలిన ఎండలో నిలబడి ఉన్నాడు. నేల ఇంకా కాలుతున్నట్టుంది, ఒక పాదం మార్చి ఒక పాదం ఎత్తుతున్నాడు. ప్రతి వాకిట్లోనూ ఒక తల కనబడుతోంది. సుంకమ్మ చేటతో సహా బయటికి వచ్చేసింది. ఎవరో చెప్పిన లేని నియమాన్ని అంత బుద్ధిగా పాటిస్తున్న మనిషిని చూడగానే హనుమక్క మనసు సగం ఒప్పుకుంది. కొడుకును పంపి లోపలికి రమ్మంది.

ఆయన అరుగు మీదే కూర్చున్నాడు. గౌరి ఇచ్చిన మజ్జిగ తాగి, చెంబు జాగ్రత్తగా తిరిగి ఇచ్చాడు. రైలు ఏ ఊళ్ళో ఆగితే ఆ ఊరి మాట నేర్చుకున్నట్టుంది ఆయన తెలుగు.

"మీ ఎర్రలు చాలా బాగుండాది అమ్మా."

"నాయి గాదు దొరా, నా కోడలివి. నువ్వు వానికి పని ఇప్పిస్తానంటివంట. మంచి మాట. బొగ్గు పనైనా ఫరవా లేదు. నాకు ఒకటే మాట చెప్పు. పని అయినాక పొద్దుగూకేలోపల ఇంటికి పంపిస్తావా?"

దొర గంగాధర వైపు చూశాడు. గంగాధర నేల వైపు చూస్తున్నాడు.

"నువ్వు చెప్పలేదా?" అని అడిగాడు ఆయన, కోపం లేకుండా. తరువాత బూట్లు పక్కన పెట్టి, హనుమక్క వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు. చెడ్డవార్త తెచ్చిన మనిషిలా లేడాయన. చెప్పవలసింది ఎవరో చెప్పకపోతే తానే చెప్పక తప్పని మనిషిలా ఉన్నాడు.

"మీ వాడు సగం చెప్పినాడు అమ్మా. షెడ్డు ధర్మవరంలో కాదు."

ఎక్కడో కూడా చెప్పాడు. ఆ ఊరి పేరు హనుమక్క పుట్టి బుద్ధెరిగాక వినలేదు. మళ్ళీ చెప్పమన్నట్టు కోడలి వైపు చూసింది. గౌరి మాత్రం యుద్ధం కబుర్లలో ఆ పేరు విని ఉండాలి. పెదవుల మీది నవ్వు ఇంకా చెరగకముందే, ఆమె వెనక్కి జరిగి గోడకు చెయ్యి ఆనించుకుంది.